కుక్కతో కారవాన్ ట్రిప్: మెల్‌బోర్న్ నుంచి జర్విస్ బే దాకా, వెళ్లినవాళ్లు చెప్పండి

గిప్స్‌లాండ్_గోదారి
స్కూల్ సెలవుల్లో కారవాన్ (కారు వెనక కట్టి లాగే బండి ఇల్లు) అద్దెకు తీసుకుని ప్రిన్సెస్ హైవే మీద సేల్, లేక్స్ ఎంట్రన్స్, ఈడెన్, మెరింబులా, అక్కణ్ణుంచి జర్విస్ బే వరకు వెళ్దామనుకుంటున్నాం. మా లాబ్రడార్ కూడా వస్తుంది, దాన్ని కెనెల్‌లో, అంటే కుక్కల హాస్టల్లో వదిలేస్తే పిల్లలు ఊరుకోరు. కారవాన్ పార్కులవాళ్లు కుక్కల్ని రానిస్తారా? బీచ్‌లో వదలొచ్చా? మేం బయటికెళ్లినప్పుడు మొరిగితే ఎలా? మా టొయోటా ప్రాడో కారవాన్‌ని లాగగలదా?

మూడో_గేర్
ఏళ్ల తరబడి పెద్ద బళ్లు నడిపినవాణ్ని, చెబుతున్నా వినండి. 150 సిరీస్ ప్రాడో బ్రేకులున్న కారవాన్ అయితే మోడల్‌ని బట్టి రెండున్నర నుంచి 3 టన్నులు లాగుతుందని కాగితం మీద ఉంటుంది. మీరు చూడాల్సింది ఏటీఎం, అంటే సామాను, నీళ్లు అన్నీ కలిపి ఎంత బరువు దాకా ఒప్పుకుంటారన్నది. 95 లీటర్ల నీళ్ల ట్యాంకులు రెండు నింపితే అక్కడే 190 కిలోలు. బాల్ వెయిట్, అంటే కారు కొక్కెం మీద పడే బరువు, మొత్తం కారవాన్ బరువులో పదో వంతు దగ్గర ఉండాలి. బరువంతా వెనక్కి పెడితే లారీ పక్కనుంచి వెళ్లినప్పుడు కారవాన్ ఊగడం మొదలవుతుంది, అప్పుడు అదుపు చెయ్యడం చాలా కష్టం. బయల్దేరే ముందు వేబ్రిడ్జి ఎక్కించండి.

సముద్రం_పిచ్చి
ప్రాడో సంగతి తర్వాత, ముందు బుకింగ్ చూసుకోండి. సముద్రం ఒడ్డు పార్కులు చాలా వరకు క్రిస్మస్, ఈస్టర్ సీజన్లలో కుక్కల్ని ఒప్పుకోవు, మిగతా ఏడాదంతా ఒప్పుకునేవి కూడా. మా దగ్గర ఒక పార్కువాళ్లు ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని, గేటు దగ్గర కుక్కని చూసి వెనక్కి పొమ్మన్నారు, అదీ సాయంత్రం చీకటి పడే వేళ. అప్పట్నుంచి లోపలి ఊళ్లకే వెళ్తున్నాం. చాలా ఊళ్లలో షోగ్రౌండ్ (వ్యవసాయ ప్రదర్శనలు జరిగే మైదానం) ఉంటుంది, కరెంటు ఇస్తారు, తాడు వేసి ఉంచితే కుక్కని ఏమీ అనరు, కేర్‌టేకర్ వచ్చి దాని పేరు కూడా అడుగుతాడు. మేం ఎటైనా వెళ్తే ఏసీ వేసి దాన్ని కారవాన్‌లోనే ఉంచుతాం, హాయిగా పడుకుంటుంది.

వైజాగ్_వెట్‌నర్స్
అలా అస్సలు చెయ్యకండి, ఎవరికీ చెప్పకండి కూడా! పవర్ ట్రిప్ అయితే? పక్కవాళ్లు పొరపాటున మీ ప్లగ్ పీకితే? కిటికీలన్నీ మూసిన ఆ రేకు పెట్టె ఎండలో ఎంతసేపట్లో కాలిపోతుందో తెలుసా? మా క్లినిక్‌కి తెచ్చేసరికి నాలుక ఎర్రగా అయిపోయి, నిలబడలేక పడిపోయిన కుక్కల్ని నేను చూశాను. విక్టోరియాలో బయట 28 డిగ్రీలు గానీ, అంతకు మించి గానీ ఉంటే కారులో కుక్కని పది నిమిషాలకి మించి ఒంటరిగా వదలడం నేరం.

సముద్రం_పిచ్చి
ఆ రూలు కార్లకండీ. మాది ఇన్సులేషన్ ఉన్న కారవాన్, నీడలో పెడతాం, పైకప్పు హ్యాచ్ తెరిచి ఉంటుంది, లోపలి వేడి పెరిగితే ఫోన్‌కి మెసేజ్ వచ్చే మీటర్ ఉంది. ప్రతిదానికీ భయపెట్టకండి.

వైజాగ్_వెట్‌నర్స్
కుక్క ప్రాణానికి కారేమిటి, కారవానేమిటి? మెసేజ్ వస్తే సరే, మీరు సిగ్నల్ లేని చోట ఉంటే? ఆర్బోస్ట్ దాటితే కాన్ రివర్ వైపు చాలా చోట్ల సిగ్నలే ఉండదు.

మూడో_గేర్
అమ్మాయి చెప్పింది నిజం. పార్కులో మీ కరెంటు పోల్‌కి 15 ఆంప్స్ వస్తాయి. ఏసీ, కెటిల్, మైక్రోవేవ్ కలిసి ఆన్ అయ్యాయంటే బ్రేకర్ పడిపోతుంది.

సముద్రం_పిచ్చి
మేం లేనప్పుడు కెటిల్ ఎవరు పెడతారండీ? సరే, నేనిక మాట్లాడను.

పెరుగన్నం_ఫ్యాన్
మా వాడికి దారిలో పెరుగన్నమే, ఐదేళ్లుగా బాగానే ఉన్నాడు. డాగ్ ఫుడ్ మోసుకెళ్లే బాధ లేదు. ఉల్లిపాయ వేసిన కూర మాత్రం పెట్టొద్దు, అది విషం. ద్రాక్షపళ్లు, చాక్లెట్ కూడా.

కోస్టల్_కిట్టు
ఎవరూ టిక్స్ (పిడుదులు) గురించి చెప్పలేదేంటి? లేక్స్ ఎంట్రన్స్ నుంచి మీరు వెళ్లే తీరమంతా పారాలసిస్ టిక్ ఉంటుంది, వసంతం, వేసవి దానికి సీజన్. అది పట్టుకున్న మూడు నుంచి ఐదు రోజుల తర్వాత కుక్కకి వెనక కాళ్లు తడబడతాయి, మొరిగే గొంతు మారిపోతుంది, వాంతులు. పిడుదుని పీకేసినా విషం ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, వెంటనే యాంటీసీరం (ఆ విషానికి విరుగుడు) ఉన్న వెట్ దగ్గరికి పరుగెత్తాలి. టిక్స్ పట్టకుండా ముందే మందు వేసినా సరే, రోజూ సాయంత్రం చేత్తో ఒళ్లంతా తడమండి: చెవి మడత లోపల, పెదవి అంచున, వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద. మా దానికి పట్టీ కిందే దొరికింది, పప్పు బద్దంత, బూడిద రంగులో.

అడవుల్లో ఆగితే ఇంకోటి. ఈస్ట్ గిప్స్‌లాండ్‌లో నక్కల కోసం 1080 అనే విషం మాంసంలో పెడతారు, దానికి విరుగుడు లేదు. బోర్డు కనిపిస్తే తాడు విప్పొద్దు, మూతికి బుట్ట వేయండి.

హైదరాబాదీ_ఇన్_గీలాంగ్
ఇండియాలో అమ్మ దగ్గర ఉన్న మా కుక్కని తెచ్చుకోవాలంటే ఎలా? తేగానే మేమూ కారవాన్ ట్రిప్పే.

వైజాగ్_వెట్‌నర్స్
ఇండియా నుంచి నేరుగా రానివ్వరు, ముందు అనుమతి ఉన్న దేశంలో 180 రోజులు ఉంచాలి, ఇక్కడికొచ్చాక మెల్‌బోర్న్ దగ్గర మిక్లెమ్‌లో క్వారంటైన్. దయచేసి వేరే థ్రెడ్ పెట్టండి.

గిప్స్‌లాండ్_గోదారి
బీచ్, మొరగడం, ఈ రెండూ అడిగాను కదా!

కోస్టల్_కిట్టు
బీచ్‌కి కౌన్సిల్ బోర్డు చూడాల్సిందే, ఊరికో రూలు, గంటకో రూలు. హుడెడ్ ప్లోవర్ అనే పిట్ట ఆగస్టు నుంచి మార్చి దాకా ఇసుక మీదే గుడ్లు పెడుతుంది, ఇసుకలో కలిసిపోయి మనకి కనిపించవు, కంచె ఉన్న చోట కుక్కని దగ్గరకి పోనీయకండి. న్యూ సౌత్ వేల్స్ నేషనల్ పార్కుల్లో కుక్క కారు దిగకపోయినా లోపలికి తేకూడదు. జర్విస్ బేలో బూడరీ నేషనల్ పార్కు కూడా అంతే, కాబట్టి అక్కడ మీలో ఒకరు కుక్కతో బయటే ఆగాల్సి వస్తుంది.

సముద్రం_పిచ్చి
మాట్లాడనన్నాను గానీ, మొరగడం గురించి చెప్పాలి. కొత్త చోట మొదటి రోజు ఎక్కడికీ వెళ్లకండి. ఇంట్లో వాడే దుప్పటి వేసి, మీరు బయట కుర్చీలో కూర్చుని దాన్ని లోపల ఉంచి చూడండి, ముందు ఐదు నిమిషాలు, తర్వాత పది. పక్క కారవాన్ వాళ్లకి ముందే మీ ఫోన్ నంబర్ ఇవ్వండి.