కంచ గచ్చిబౌలిని కాపాడింది రీళ్లా, రోడ్డెక్కినవాళ్లా?

ఓయూ_పాతకాపు: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన, ప్రభుత్వం అమ్మదలచిన కంచ గచ్చిబౌలి భూమిలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసింది మొదలు, ఆ ఘనతంతా ఇన్‌స్టాగ్రామ్ రీళ్లదే అన్నట్టు రాస్తున్నారు. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమంలోని మిలియన్ మార్చ్‌కు, పోలీసులు దారులు మూసేసినా సందుగొందుల్లో నడిచి ట్యాంక్‌బండ్ చేరినవారిలో నేనొకణ్ణి. కేసు మెడకు చుట్టుకుంటుందని తెలిసే ఇల్లు దాటాం. ఏఐతో జపాన్ కార్టూన్ శైలిలో చేసిన గిబ్లీ బొమ్మలు పంచుకున్నవారు ఏం పోగొట్టుకున్నారు?

సర్వేనంబర్25: ఉగాది నాడు బుల్డోజర్లకు అడ్డుపడిన మా తోటి విద్యార్థులను పోలీసులు ఈడ్చుకెళ్లారండీ. వరుస సెలవుల్లో లోపల ఏం జరుగుతోందో ఊరికి తెలిసింది మా ఫోన్ల వల్లనే.

గోదారి_గట్టు: హైకోర్టుకు వెళ్లినవారిలో ఒక విశ్రాంత శాస్త్రవేత్త కూడా ఉన్నారు. ఆయనది ఏ తరం?

ఓయూ_పాతకాపు: ముందు ఆ నకిలీ జింకల సంగతి తేల్చండి. ఏఐతో అల్లిన దృశ్యాలు పంచి, ఉద్యమమంతా అబద్ధమనే సాకును ప్రభుత్వానికి చేతికిచ్చారు.

సర్వేనంబర్25: అలాంటి బొమ్మ నాకు మొదట కనిపించింది మా పెదనాన్నగారి వాట్సాప్ గ్రూపులో. సీనియర్ ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ కూడా గిబ్లీ శైలి బొమ్మను పంచుకుని పోలీసు నోటీసు అందుకున్నారు. ఆమె మా క్లాస్‌మేట్ కారు. అయినా సుప్రీంకోర్టు ఆధారపడింది బొమ్మల మీద కాదు, తన ఆదేశంపై స్థలానికి వెళ్లిన హైకోర్టు రిజిస్ట్రార్ నివేదిక మీద. దాదాపు 100 ఎకరాలు చదును చేశారనీ, అక్కడ నెమళ్లు, జింకలు ఉన్నాయనీ అందులోనే ఉంది.

మూసీ_ఒడ్డు: జింకలను ఇక వదిలేయండి మహానుభావా.

ఓయూ_పాతకాపు: వదిలేస్తాను. మేం కొట్లాడింది నీళ్లు, నిధులు, నియామకాల కోసం. మా అబ్బాయి ఇంజినీరింగ్ పూర్తిచేసి ఇంకా కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నాడు. ప్రైవేటు సంస్థతో ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపి గెలుచుకున్న 400 ఎకరాలను వేలం వేసి, ఐటీ పార్కులతో ఉద్యోగాలు తెస్తామని ప్రభుత్వం అంటే, అది నాకు తప్పుగా తోచలేదు. ఇప్పటికీ తోచదు.

సర్వేనంబర్25: ఈ మాట మొదటి పోస్టులోనే రాయవలసింది. మీ అభ్యంతరం మా ఫోన్ల మీద కాదు, మా డిమాండ్ మీద. గ్రూప్స్ రాస్తున్నది మేమూనండీ. వేలంలో కొన్నవారు మీ అబ్బాయికో నాకో ఉద్యోగమివ్వాలనే షరతు ఎక్కడుందో చూపించండి.

ఓయూ_పాతకాపు: షరతు పెట్టమని ఉద్యమించండి, నేనూ వస్తాను. అమ్మనే వద్దంటే మాత్రం రాను.