పరిశోధన పద్ధతులు తెర మీద నేర్చుకుంటే సరిపోతుందా?

అనంత_పీజీ
అనంతపురం నుంచి రాస్తున్నాను. సామాజిక వైద్యంలో పీజీ మొదటి సంవత్సరం. జాతీయ వైద్య కమిషన్ మాకు తప్పనిసరి చేసిన పరిశోధన పద్ధతుల కోర్సులో చేరాను. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా నడిపే కోర్సు అది. పాఠాలు అర్థమవుతున్నాయి, అసైన్‌మెంట్లు వారం వారం పంపుతున్నాను. కానీ రేపు థీసిస్ మొదలుపెట్టడానికి ఇది సరిపోతుందా? సీనియర్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

బురుజు_నీడ
సరిపోదు. సామాజిక వైద్యం పాఠాలు చెప్పి రిటైరై కర్నూలులో ఉంటున్నవాడిని. గర్భిణిని "ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా" అని అడిగితే ఎవరైనా వేసుకుంటున్నామనే అంటారు. "ఖాళీ అయిన అట్ట చూపించు" అంటే గూట్లోంచి నిండు అట్టలు బయటికి వస్తాయి. ఆ రెండో ప్రశ్న గడప దగ్గర నిలబడినవాడికే తడుతుంది.

మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధన సంగతి తెలుసా? రోగుల్లో కొందరిని శానటోరియానికి (క్షయ ఆసుపత్రికి), కొందరిని ఇంటి దగ్గర చికిత్సకు యాదృచ్ఛికంగా కేటాయించారు. ఇంటి దగ్గర మందులు వాడినవాళ్లకూ దాదాపు అంతే నయమైందని 1959లో ప్రకటించారు. ఇళ్లకు వెళ్లి పని చేయబట్టి తేలిన నిజం అది.

హంద్రీ
పరీక్షకు కర్నూలులో కేంద్రం ఇస్తారా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

చిత్రావతి
సార్, మీరు చెప్పిన ఆ మద్రాసు పరిశోధన గురించి నేను మొదటిసారి విన్నది ఆన్‌లైన్ పాఠంలోనే. ఎంబీబీఎస్‌లో గానీ, పీజీ తరగతిలో గానీ ఎవరూ చెప్పలేదు. కన్‌ఫౌండింగ్ అంటే ఏమిటో, అంటే మూడో విషయం ఒకటి అడ్డొచ్చి రెండింటి మధ్య సంబంధాన్ని తప్పుగా ఎలా చూపిస్తుందో, డ్యూటీ అయ్యాక రాత్రి పదకొండు గంటలకు నాలుగుసార్లు వెనక్కి తిప్పి విని అర్థం చేసుకున్నాను. తరగతిలో రెండోసారి అడిగితే "చదువుకుని రా" అనేవారు. అనంత_పీజీ గారూ, ధైర్యంగా చదవండి. మంచి కోర్సు.

గండికోట_గణితం
కోర్సు మంచిదే కావచ్చు. కానీ అది చదివి వచ్చినవాళ్లందరూ నమూనా పరిమాణం, అంటే సర్వేకు ఎంతమంది కావాలన్నది, 384 అని ఒకే అంకె రాస్తున్నారు. అది ఎక్కడి నుంచి వచ్చింది? ప్రాబల్యం (జబ్బు ఉన్నవాళ్ల వంతు) 50 శాతం, పొరపాటు 5 శాతం అనుకుంటే వచ్చే అంకె. రక్తహీనత మీద చేస్తే 50 ఎందుకు వేయాలి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత సుమారు 59 శాతం. దాన్ని అదే సూత్రంలో వేస్తే 372 వస్తుంది.

చిత్రావతి
384కు, 372కు తేడా పన్నెండు మంది మనుషులు. దాని కోసం ఇంత చర్చ అవసరమా?

గండికోట_గణితం
అవసరమే. ఊళ్లను గుత్తులుగా ఎంచుకుంటే, ఒకే ఊరివాళ్లు చాలావరకు ఒకేలా ఉంటారు కాబట్టి, డిజైన్ ఎఫెక్ట్ అనే అంకెతో గుణించాలి. అది రెండు అనుకుంటే 744. అంటే రెట్టింపు పని. కడపలో నా దగ్గరికి లెక్కలకు వచ్చిన థీసిస్‌లలో ఆ గుణకారం చేసినవి చాలా తక్కువ. సర్వే అంతా అయిపోయాక వస్తారు. అప్పుడు నేనేం చేయగలను?

బురుజు_నీడ
అంకెల సంగతి పక్కన పెట్టండి. నిజం చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. తెర ముందు కూర్చోవడం సుఖం. పల్లెల్లో తిరగడం కష్టం. ఈ కాలం పిల్లలకు ఆ దుమ్ము పడదు. హాస్టల్ గదిలో కూర్చుని వంద ఫారాలు ఒకే పెన్నుతో నింపినవాడిని నేను స్వయంగా పట్టుకున్నాను. ఆన్‌లైన్ చదువు అలవాటైతే అలాంటివాళ్లే తయారవుతారు.

చిత్రావతి
సార్, ఈ మాట నేను వదలను.

నా థీసిస్ కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, స్త్రీలలో రక్తహీనత మీద. ఓటర్ల జాబితా నుంచి 400 ఇళ్లు యాదృచ్ఛికంగా తీసుకున్నాను. ఫిబ్రవరిలో వెళితే 83 ఇళ్లకు తాళాలు. అందరూ గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయారు. ముసలివాళ్లున్న ఇళ్లలోనూ వయసు స్త్రీలు లేరు. మళ్లీ వెళ్లాను, మూడోసారీ వెళ్లాను. ఎండలో, బస్సు లేని ఊళ్లకు, ఆటోలో. దుమ్ము తెలియనిదాన్ని కాదు.

మా గైడ్‌కు చెబితే "పక్కింటివాళ్లతో నింపెయ్, సమయం లేదు" అన్నారు. అలా చేయకూడదని నాకు చెప్పింది మీరు తక్కువ చేస్తున్న ఆన్‌లైన్ పాఠమే. కూలికి వలస పోయేది భూమి లేనివాళ్లు. రక్తం తక్కువ ఉండే అవకాశం వాళ్లకే ఎక్కువ. వాళ్ల స్థానంలో ఊళ్లో నిలిచినవాళ్లను పెడితే శాతం తగ్గి కనిపిస్తుంది. ఆ మాటే గైడ్‌తో అన్నాను. "నాకే పాఠం చెబుతావా" అన్నారు. సంతకం ఆయన చేతిలో ఉంది. నింపాను.

పెన్న_ఒడ్డు
మా అక్క థీసిస్‌లోనూ అచ్చం ఇదే జరిగింది.

బురుజు_నీడ
ఏదో ఒక గైడ్ తప్పు చేస్తే గురువులందరినీ దోషులను చేస్తారా? పైగా గైడ్ మాట కాదని వీడియో మాట వినడం ఏ పద్ధతి? ఏడాదికి అంతమంది పీజీలను చూసుకుంటూ, క్లాసులు చెబుతూ, ఓపీ నడుపుతూ మేము పడిన కష్టం మీకు తెలియదు.

చిత్రావతి
మీ కష్టం తెలుసు సార్. అందుకే అడుగుతున్నాను. విద్యార్థి చెప్పింది సరైనదైనప్పుడు గైడ్ ఒప్పుకోవాలా, వద్దా? మొదటి నుంచీ ఆన్‌లైనా, తరగతి గదా అని వాదిస్తున్నాం. నన్ను ఆపింది ఆ రెండూ కావు. తెలిసిన నిజాన్ని చెప్పే హక్కు నాకు లేకపోవడం.

గండికోట_గణితం
83 పోతే 317 మిగులుతాయి. ముందే పది శాతం అదనంగా తీసుకుని ఉండాల్సింది.

చిత్రావతి
తాళాలు పడింది ఇరవై శాతానికి పైగా. పది శాతం ఎక్కువ తీసుకున్నా ఆ లోటు తీరదు. అదనపు ఇళ్లు ఎన్ని తీసుకున్నా వలస పోయినవాళ్లు సర్వేలోకి రారు కదా?

గండికోట_గణితం
రారు. అది నిజమే.

బురుజు_నీడ
నిన్న రాత్రి కోపంలో రాశాను. ఉదయం మళ్లీ చదివాను.

వలస వెళ్లినవాళ్లు చాలామంది ఉగాదికి ఇళ్లకు చేరతారు. ఆ పల్లెల్లో సర్వే చేసేవాళ్లు ఆ తర్వాతే మొదలుపెట్టాలి. ఈ మాట మీకు ముందుగా చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. అది మా తరం తప్పే, ఒప్పుకుంటున్నాను. ఏ వీడియోలోనూ కోతల కాలం గురించి ఉండదని మాత్రం ఇప్పటికీ అంటాను.

అమ్మా, ఆ 83 ఇళ్ల జాబితా పారేయవద్దు. వాళ్లను "అందుబాటులో లేనివారు" అని విడిగా చూపించి, పక్కింటివాళ్ల వివరాలు తీసేసి, మిగిలిన 317తోనే మళ్లీ లెక్క కట్టండి. పరిమితుల భాగంలో జరిగింది జరిగినట్టు రాయండి. అడ్డు చెప్పడానికి ఎవరికీ కారణం ఉండదు.

అనంత_పీజీ
సార్, నేనూ ఆ వైపు మండలాలే అనుకుంటున్నాను. సర్వే ఏప్రిల్ చివరికి వాయిదా వేసుకుంటాను. నా ప్రశ్నావళి ఇక్కడ పెడితే చూస్తారా?

బురుజు_నీడ
పెట్టండి. మాత్రల అట్ట చూపించమనే ప్రశ్న ఉందో లేదో ముందు చూసుకోండి.

చిత్రావతి
థీసిస్ సమర్పించి రెండేళ్లయింది సార్. విశ్వవిద్యాలయం ఆమోదించింది కూడా. జాబితా ఉన్న నోటుపుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది.