మాట్లాడే ఇంగ్లిష్‌కి ఆడియో పోర్ట్‌ఫోలియో: ఏం పెట్టించాలి, మార్కులెలా వేయాలి?

ప్రశ్న
ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్న 40 మంది తరగతి. చివర్లో ఐదు నిమిషాల మౌఖిక పరీక్షతో సరిపెట్టకుండా, ఆడియో పోర్ట్‌ఫోలియో (టర్మ్ పొడవునా విద్యార్థి మాట్లాడిన రికార్డింగుల సంకలనం) చూసి మార్కులు వేద్దామని ఆలోచన. ఒక్కొక్కరి చేత ఎన్ని రికార్డింగులు చేయించాలి? రాసుకొచ్చి చదివేస్తే ఎలా?

జవాబు 1
ముందు మీ టైమ్ లెక్క చూసుకోండి. 40 మంది, ఆరేసి రికార్డింగులు, రెండేసి నిమిషాలు అంటే ఒక్కసారి వినడానికే 8 గంటలు. కాబట్టి ఆరు చేయించినా మార్కులు రెండింటికే వేయండి: చివరి వారం టాస్కుకి ఒకటి, విద్యార్థి ఎంచుకున్నదానికి ఒకటి. మొదటి వారం రికార్డింగు పోలికకి ఉంచుకోండి. చివరి టాస్కు కూడా అదే రకంది కావాలి, లేకపోతే పోలిక కుదరదు.

ఎక్కువగా కనిపించే లోపం ఇంకోటుంది. 'మై ఫ్యామిలీ', 'మై హాబీ'... అన్నీ ఏకపాత్రాభినయాలే! 2001లో వచ్చిన సీఈఎఫ్‌ఆర్ (భాషా సామర్థ్యాన్ని స్థాయిలుగా కొలిచే యూరప్ ప్రమాణం) ఒక్కరే మాట్లాడటాన్ని, ఎదుటివాళ్లతో సంభాషించడాన్ని వేర్వేరుగా చూస్తుంది. అందుకని కనీసం రెండు జంటగా చేయించండి. ఇద్దరికీ వేర్వేరు టైమ్‌టేబుళ్లిచ్చి, ఒకరిదొకరికి చూపకుండా, ఇద్దరికీ కుదిరే గంట తేల్చుకోమనండి. 'సారీ?', 'యూ మీన్ ట్యూస్‌డే?' లాంటివి వాటంతటవే వస్తాయి. రెండోసారి జోడీ మార్చండి. పక్కవాడు నోరు విప్పకపోతే బాగా మాట్లాడేవాడి మార్కులూ పడిపోతాయి.

జవాబు 2
చదివింది చాలావరకు చెవికి తెలిసిపోతుంది. తడబాటుండదు, అన్న మాట దిద్దుకోవడం ఉండదు, మాటల్లో అరుదుగా వాడే 'ఫర్దర్‌మోర్' ఊడిపడుతుంది. అయినా అది అనుమానమే, రుజువు కాదు. టాపిక్ క్లాసులోనే ఇవ్వండి. ఒక నిమిషం ఆలోచించుకోవడానికి, నోట్సు ఐదు మాటలు మించకుండా, ఒకే టేక్. తర్వాత ఆ రికార్డింగులోంచే ఒక ప్రశ్న ఎదురుగా అడగండి.

జవాబు 3
ఒకే టేక్ అన్నిటికీ పెట్టొద్దండి. మళ్లీ మళ్లీ రికార్డు చేసుకోవడంలోనే సగం సాధన ఉంది. ఏది ఒకే టేకో, ఏది సాధన చేసిందో ఫైలు పేరులోనే రాయించండి. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు, అంతే.

మార్కులకి సీఈఎఫ్‌ఆర్ మాట్లాడటానికిచ్చిన ఐదు అంశాలు తీసుకోవచ్చు: భాషా పరిధి, తప్పుల్లేకపోవడం, ధారాళత, సంభాషణ, పొందిక. ఒక్కడే మాట్లాడినదానికి 'సంభాషణ' గడి ఖాళీగా వదలండి. యాసకి మార్కులు కోయకండి, అర్థమవుతోందా లేదా అన్నదే చూడండి. ఒకే విద్యార్థివి వరసగా వింటే మొదటిది బాగుంటే మిగతావీ బాగున్నట్టే అనిపిస్తాయి. అందుకే టాస్కులవారీగా దిద్దండి. మొదలుపెట్టే ముందు మీరూ, ఇంకో టీచరూ ఐదారు రికార్డింగులు విడివిడిగా దిద్ది చూడండి. ఏ అంశంలో మార్కులు బాగా తేడా వచ్చాయో దాని వివరణ మార్చి రాయాలి.

జవాబు 4
విద్యార్థి తన రికార్డింగుల గురించి తనే రాసే స్వీయ సమీక్ష కూడా పెట్టించేట్టయితే, దాన్ని మాతృభాషలో రాయనివ్వండి. ఇంగ్లిష్‌లో రాయిస్తే మాటకి బదులు రాతని కొలిచినట్టవుతుంది. 'బాగా మెరుగయ్యాను' అంటే ఒప్పుకోవద్దు. '0:48 దగ్గర ఐ గో యెస్టర్‌డే అన్నాను, వెంటనే వెంట్ అని దిద్దుకున్నాను' అన్నంత వివరంగా ఉండాలి.