వినాయకుడి పొట్ట మీద మెట్లు: పొర మందం 50 మైక్రాన్లా, 25 మైక్రాన్లా?

ప్రశ్న (తిరుపతి)

నమస్కారం. మాది శ్రీకాళహస్తి దగ్గర మాధవమాల, కొయ్య బొమ్మలు చెక్కే కుటుంబం. నేను తిరుపతిలో చిన్న గది తీసుకొని రెసిన్ ప్రింటర్‌తో (ద్రవ రెసిన్‌ను వెలుతురుతో పొర మీద పొరగా గట్టిపరిచే యంత్రం) పంచలోహ బొమ్మలకు మూల నమూనాలు తీస్తున్నాను. ఇప్పటి పని 60 మిల్లీమీటర్ల వినాయకుడు. పొర మందం 50 మైక్రాన్లు (0.05 మిల్లీమీటర్లు) పెట్టాను. 1200 పొరలు, వెలుతురు పడడం, ప్లేటు లేచి దిగడం అన్నీ కలిపి పొరకు 8 సెకన్ల లెక్కన 2 గంటల 40 నిమిషాలు పట్టింది. పీఠం పక్కలు అద్దంలా వచ్చాయి. తల మీద, పొట్ట పైభాగంలో మాత్రం కోనేటి మెట్లలా వరసలు. మా తాత గోటితో తడిమి, ‘పోత పోస్తే ఇవి లోహంలోనూ తేలతాయి’ అన్నారు.

25కు దించితే 5 గంటలు దాటింది. మెట్లు తగ్గాయి కానీ, మెడలోని ముత్యాల హారం ముద్దయిపోయింది. పొర పలచనైతే పని ఇంకా నాజూగ్గా రావాలి కదా?

జవాబు (చిత్తూరు, నగల నమూనాల పని)

తమ్ముడూ, 25లో కూడా ఎక్స్‌పోజర్ (ఒక్కో పొర మీద వెలుతురు పడే సమయం) పాతదే ఉంచావా? వెలుతురు ఒక్క పొర దగ్గర ఆగదు, దాటి లోపలికి పోతుంది. పొరను సగం చేసి సమయం తగ్గించకపోతే అంతే ఎత్తుకు రెట్టింపు వెలుతురు పడినట్టే. ముత్యాల సందుల్లోని రెసిన్ కూడా గట్టిపడుతుంది. పైగా ఆ సందుల నాజూకుతనం ప్రధానంగా ప్రింటర్ తెర మీది చుక్క (పిక్సెల్) పరిమాణాన్ని బట్టి ఉంటుంది.

ఇక మెట్ల సంగతి. నిటారు గోడకు పొర మందం పెద్దగా పట్టదు. చదునుకు దగ్గరైన వాలులోనే చిక్కు. అడ్డానికి 10 డిగ్రీల వాలులో 50 మైక్రాన్ల పొర దాదాపు 0.28 మిల్లీమీటర్ల వెడల్పు మెట్టు వేస్తుంది. 45 డిగ్రీల్లో అదే మెట్టు 0.05 మాత్రమే. గుండ్రని బొమ్మలో చదును చోటు తప్పదు కాబట్టి, అది కంటికి ఆనని చోట పడేలా బొమ్మను వంచు. ముందుకు 20 డిగ్రీలు వంచితే పొట్ట, నుదురు నిటారవుతాయి, చదును తల వెనక్కి పోతుంది. సపోర్టుల (ప్రింటు అయ్యేటప్పుడు బొమ్మను పట్టి ఉంచే సన్న పుల్లల) మచ్చలు పొట్ట కింద పడతాయి, అక్కడ సానపట్టడం తేలిక. నేనైతే 50లోనే తీస్తాను.

జవాబు (తిరుపతి)

ఒక్క మాట. రబ్బరు అచ్చు తీసేముందు నమూనాను బాగా కడిగి, పూర్తిగా గట్టిపరచండి. లేకపోతే కొన్ని రకాల సిలికాన్ రబ్బరు నమూనాకు తగిలిన చోట ఆరక జిగటగా ఉండిపోతుంది. నాకు రెండు అచ్చులు అలాగే పోయాయి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అన్నా, ఎక్స్‌పోజర్ విషయం నిజమే, రెండింటికీ 2.5 సెకన్లే పెట్టాను. ఇప్పుడు 50లోనే, ముందుకు 20 డిగ్రీలు వంచి తీశాను. హారంలో ముత్యాలు విడివిడిగా లెక్కపెట్టగలుగుతున్నాను. తల వెనక మెట్లు ఉన్నాయి, వాటిని తాత ఉప్పుకాగితంతో రుద్దుతున్నారు. నుదుటి జోలికి నన్ను పోవద్దన్నారు.