సమస్య: "అర్థమే లేని యక్షర మధిక మయ్యె"

నిర్వాహకులు: చెవి, ముక్కు, గొంతుల వైద్యశాస్త్రానికి ఆంగ్లంలో ఉన్న 'ఓటోరైనోలారింగాలజీ' అన్న పేరుకు అన్వయిస్తూ ఈ పాదాన్ని పూరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

లఘుప్రియ:

చెవికి ముక్కుకు గొంతుకు చెలిమి గూర్చి
శాస్త్ర నామము పొడవున సాగువేళ
నడుమ నున్న యొకారాన నాద మెగసె
అర్థమే లేని యక్షర మధిక మయ్యె

ఓట్ అంటే చెవి, రైన్ అంటే ముక్కు, లారింగ్ అంటే స్వరపేటిక, చివరి లాగ్ శాస్త్రాన్ని చెబుతుంది. వీటిని అతికే గ్రీకు ఒకారానికి సొంత అర్థం ఏమీ లేకపోయినా, ఉచ్చారణలో ప్రధానమైన ఊనిక (ఒత్తి పలకడం), ఆంగ్లలిపిలో ఒకారమే అయినా మనకు 'గా' అని వినిపించే చోట, దానిమీదే పడుతుంది.

గణసేవి: భావం ఎంతో బాగుంది కానీ, లఘుప్రియ గారూ, 'నడుమ' అన్న మాట నిలవదు. ఓ-టో-రై-నో-లా-రిం-గా-ల-జీ అని తొమ్మిది అక్షరాలు పలికితే నట్టనడుమ ఉన్నది 'లా'. ఊనిక మాత్రం బయాలజీ, జియాలజీలలో వలెనే చివరినుంచి మూడవదైన 'గా' మీద ఉంది. పైగా అతుకు ఒకారాలు టో, నో, గా అని మూడుండగా మీ పద్యం వాటిలో ఏదో చెప్పలేదు. 'కడకు మూడగు నోత్వాన గంఠ మెగసె' అంటే గణాలూ యతీ చెడకుండా విషయం సరిపోతుంది.

లఘుప్రియ: నా 'నడుమ' లారింగ్, లాగ్ అన్న రెండు భాగాల మధ్య చోటును చెబుతున్నది. భాగాలను అక్షరాల లెక్కతో కొలవడం మీకు హెలికాప్టరు పూరణనాటినుంచీ ఉన్నదే. అప్పుడు మీరు 'హెలి', 'కాప్టర్' అని విరిచారు. అసలు భాగాలు సుడిని చెప్పే 'హెలికో', రెక్కను చెప్పే 'ప్టెర్'. పలుకు విరిగే చోటా పదం విరిగే చోటా ఒకటి కానక్కరలేదని అప్పుడే మనవి చేశాను.

గణసేవి: ఆ భేదాన్ని గౌరవిస్తూనే ఈ పూరణ:

హల్లు హల్లును దాకుచో నచట నిలిచి
ఓత్వ మా గొంతు శాస్త్రము నొకటి జేసె
అచ్చు లిచ్చట దాకుచో యత్వ మొదవె
అర్థమే లేని యక్షర మధిక మయ్యె

సమస్యాపాదంలోని 'లేని యక్షర' అన్న చోట వచ్చిన యకారం కూడా అర్థం లేనిదే. గ్రీకు ఒకారం రెండు హల్లులను కలిపితే అది రెండు అచ్చులను కలుపుతున్నది.

లఘుప్రియ: సమస్యలోంచే సమాధానాన్ని తీసిన ఈ చమత్కారానికి మనసారా నమస్కరిస్తున్నాను. అయితే యడాగమాన్ని, అంటే అచ్చుల మధ్య వచ్చే ఈ యకారాన్ని, కీర్తించిన పద్యంలోనే 'నిలిచి', 'ఓత్వ' అన్న మాటల మధ్య అది రాలేదు.

నిర్వాహకులు: 'యోత్వ మా గొంతు' అని సవరించి స్వీకరించాను, స్వరయతికి (అచ్చుల పొంతనతో కుదిరే యతికి) భంగం లేదు. లఘుప్రియ గారి 'నడుమ'ను వారి అన్వయంతోనే ఉంచుతున్నాను.