ఎగిరే జలాంతర్గామి: ఒకే బండితో రెండు పనులూ కుదురుతాయా?

గాలివాటం:
మా తమ్ముడి బ్యాచ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కింద, గాల్లో ఎగిరి, నీళ్ళలో మునిగి, మళ్ళీ పైకి లేచే వాహనం డిజైన్ చేస్తామంది. వాళ్ళ గైడ్ "అయ్యే పని కాదు" అని కాగితాలు తిరిగి ఇచ్చేశారు. నేను ఒప్పుకోను. సోవియట్ యూనియన్‌లో బోరిస్ ఉషాకోవ్ విద్యార్థిగా ఉండగానే 1934లో ఎగిరే జలాంతర్గామి నమూనా గీశాడు. అమెరికాలో డొనాల్డ్ రీడ్ 1960లలో సొంతంగా ఒకటి తయారుచేసి ఎగరేశాడు, ముంచాడు కూడా. ఇప్పుడు కార్బన్ ఫైబర్, లిథియం బ్యాటరీలు ఉన్నాయి. ఎందుకు కుదరదో ఎవరైనా చెప్పండి.

బల్లాస్ట్:
కుదరకపోవడానికి కారణం బరువు. సముద్రపు నీరు ఘనపు మీటరుకు సుమారు 1,025 కిలోలు. ఏదైనా పూర్తిగా మునగాలంటే దాని బరువు అది తోసేసే నీటి బరువుకు సరిపోవాలి. విమానానికి కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. విశాఖ బీచ్ రోడ్డుకు వెళ్ళి చూడండి. ఒక పక్క కురుసుర జలాంతర్గామి, ఎదురుగా నేవీ నిఘా విమానం టీయూ-142. కురుసుర పైన తేలుతున్నప్పుడు సుమారు 1,950 టన్నులు, మునిగాక 2,475. ఆ తేడా ట్యాంకుల్లోకి తీసుకునే నీరు. ఎదురుగా ఉన్న అంత పెద్ద విమానం ఇంధనంతో నిండుగా లేచినా 185 టన్నులే.

ఇక రీడ్ సంగతి. పైలట్ కూర్చునే చోటికి మూతే లేదు, ఊపిరికి గాలి సిలిండరు తగిలించుకుని కూర్చోవాలి. మునిగే ముందు ప్రొపెల్లర్ విప్పాలి, ఇంజిన్‌కి రబ్బరు తొడుగు వెయ్యాలి. ఇంతా చేసి వెళ్ళిన లోతు కొద్ది మీటర్లు. గైడ్ చెప్పింది సరైన మాటే.

కృష్ణాగట్టు:
2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ వచ్చింది కదా, దాన్నే ముంచేలా మార్చలేరా?

బల్లాస్ట్:
అది తేలడానికే కట్టిన బండి అండి. ఫ్లోట్ల నిండా గాలి ఉంటుంది.

గాలివాటం:
ప్రొపెల్లర్ విప్పడం అరవై ఏళ్ళ కిందటి మాట సార్. రెక్కల్లోకి, బాడీలోకి నీళ్ళు రానిస్తే మునగడానికి అంత బరువు అక్కర్లేదు. పొడిగా ఉండాల్సింది బ్యాటరీ, ఎలక్ట్రానిక్స్ మాత్రమే. అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళ నేవియేటర్ డ్రోన్‌లో ప్రొపెల్లర్లు పైనొకటి కిందొకటి జతలుగా ఉంటాయి. నీళ్ళలోంచి లేచేటప్పుడు పై ప్రొపెల్లర్ గాలిని పట్టుకుని లాగుతుంది, కిందిది ఇంకా నీళ్ళలోనే ఉండి తోస్తుంది. మీరు అసాధ్యమంటున్న పని అదే.

ఆర్‌పీఎం:
మోటారు గురించి ఒక మాట. డ్రోన్లలో వాడే బ్రష్‌లెస్ మోటారు నీళ్ళలోనూ తిరుగుతుంది, కానీ నీటి సాంద్రత గాలికి దాదాపు 800 రెట్లు. గాల్లో తిప్పిన వేగంతో అక్కడ తిప్పితే కరెంటు ఎగబాకి, మోటారు వేగాన్ని నడిపే స్పీడ్ కంట్రోలర్ కాలిపోతుంది. ఉప్పునీరైతే బేరింగులు తుప్పు పడతాయి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో మామూలు మోటార్లకే పూత పూసి, రెండు నెలలు ఉప్పునీళ్ళలో ఉంచినా పనిచేశాయని చూపించారు. నా డ్రోన్‌ మాత్రం భీమిలిలో ఒక్క అల తగిలినందుకే పోయింది. కొన్నచోట వారంటీ కూడా ఇవ్వలేదు.

బల్లాస్ట్:
డ్రోన్ల ముచ్చట పక్కన పెట్టండి. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ పీడనాన్ని తట్టుకునే గది కట్టి, దాన్ని గాల్లోకి లేపండి చూద్దాం.

గాలివాటం:
మనుషుల్ని కూర్చోబెడతానని నేనెప్పుడు అన్నాను?

బల్లాస్ట్:
ఉషాకోవ్ దాంట్లో ముగ్గురు సిబ్బంది. ఉదాహరణ తెచ్చింది మీరే బాబూ.

గాలివాటం:
మీలాంటి పెద్దవాళ్ళందరిదీ ఇదే వరస. నేను చదివేటప్పుడూ మా గైడ్ నా డిజైన్ తెరిచి కూడా చూడలేదు, బయట రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కోమన్నాడు. కొన్నాను, మార్కులు వచ్చాయి. నాలుగేళ్ళు చదివి నేను నేర్చుకున్నది సున్నా. ఇప్పుడు మా తమ్ముడికీ అదే గతి.

బల్లాస్ట్:
మీ మార్కుల బాధ నాకెందుకు? నేను సర్వీసంతా నీటి కింద పనిచేశాను. ఒక్క సీలు సరిగ్గా కూర్చోకపోతే ఏమవుతుందో చూశాను. పిల్లలు ఉత్సాహంతో కట్టిన దాంట్లో రేపు ఎవడో ఒకడు కూర్చుంటాడు, అదీ నా భయం.

ఘాట్‌మూడు:
ఇద్దరూ కాస్త ఆగండి. మా మేనమామ డైవరు. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర బోట్లు ఇరుక్కుంటే, డైవర్లు నీటి కింద వాటిని కోయాల్సి వచ్చింది, గుర్తుందా? ఆ బురద నీళ్ళలో చెయ్యి కూడా కనపడదు, తడుముకుంటూ పనిచెయ్యాలి. మనిషి దిగకముందే గట్టు మీంచి ఎగిరి వెళ్ళి, గేటు దగ్గర మునిగి, కింద ఏముందో సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలతో, చూసొచ్చేది ఒకటుంటే చాలు మాకు. పది నిమిషాలు పనిచేసినా చాలు.

బల్లాస్ట్:
దానికి ఎగరడం దేనికి? కేబులు కట్టిన చిన్న నీటి రోబోను క్రేన్‌తో దింపితే సరిపోతుంది. అలాంటివి మార్కెట్లో దొరుకుతున్నాయి. పిల్లల్ని దాని మీద పనిచెయ్యమనండి.

ఘాట్‌మూడు:
గేటు మీదికి క్రేను వెళ్ళడానికి దారి ఉంటేగా! వరదలో పడవ కూడా దింపనివ్వరు సార్.

గాలివాటం:
అదీ నేను చెప్పేది. పడవా క్రేనూ వెళ్ళలేని చోటికే ఎగిరి వెళ్ళాలి.

బల్లాస్ట్:
సరే, ఎగిరి వెళ్ళిందనుకుందాం. నీళ్ళలోకి మామూలు రేడియో సిగ్నల్ ఎక్కువ లోతుకు పోదు, కాబట్టి కేబులు కావాలి. ఎగిరేదానికి కేబులు కడితే ప్రొపెల్లర్లకు చుట్టుకుంటుంది. గేటు సందులోంచి నీళ్ళు దూకే చోట అయిదు కిలోల డ్రోన్ నిలబడుతుందా? ఈ రెంటికీ జవాబు చెప్పండి, అప్పుడు గైడ్‌దే తప్పంటాను.

గాలివాటం:
కేబులు గట్టుదాకా అక్కర్లేదు. డ్రోన్ దిగేటప్పుడు ఒక తేలే బుడ్డిని నీటి మీద వదిలేస్తుంది. రేడియో బుడ్డికి, బుడ్డి నుంచి కిందికి సన్న వైరు. ప్రవాహం సంగతి కాగితం మీద తేలదు. కాలువలో నీళ్ళు వదిలినప్పుడు లాకుల దగ్గర పెట్టి చూస్తాం. తమ్ముణ్ణి ఇక్కడ ఖాతా తెరవమన్నాను, డ్రాయింగులు వాడే పెడతాడు.

బల్లాస్ట్:
పెట్టమనండి. బుడ్డి కొట్టుకుపోతే వైరు డ్రోన్‌ని కూడా లాక్కుపోతుంది. వైరు తెగి విడిపోయే ఏర్పాటు ఎక్కడ పెడుతున్నారో ముందు అది గీయమనండి.