మా ఊళ్ళో సర్పంచ్ పదవిని వేలం పాటకు పెట్టారు, ఆపే దారి ఉందా?

కొత్త_ఓటరు:
అందరికీ నమస్తే. మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె, ఊరి పేరు రాయలేను, రాస్తే మా ఇంటికే ఇబ్బంది. పంచాయతీ ఎన్నికల్లో మాకు మూడో విడత, 2025 డిసెంబర్ 17న పోలింగ్, నామినేషన్లు 3 నుంచి 5 వరకు. సర్పంచ్ జనరల్ మహిళకు వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి ఊరికి సర్పంచ్ లేరు, స్పెషల్ ఆఫీసర్ ఎప్పుడో వచ్చి పోతాడు, వీధి లైటు పోయినా ఎవరిని అడగాలో తెలియదు. అక్టోబర్‌లో రిజర్వేషన్ల కేసుతో ఎన్నికలు ఆగిపోతే చాలా నిరాశపడ్డాం. ఇప్పుడు తీరా వచ్చాయి అనుకుంటే వీడీసీ (గ్రామాభివృద్ధి కమిటీ) వాళ్ళు గుడి దగ్గర ఊరందర్నీ కూర్చోబెట్టి పదవికి పాట పెట్టారు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళింటి ఆడమనిషే సర్పంచ్, ఆ డబ్బుతో గుడి పని పూర్తి చేస్తారట. పాట ఇరవై లక్షలు దాటింది. ఇంకెవరూ నామినేషన్ వేయొద్దని దేవుడి ముందు ఒట్టు వేయించారు, వేస్తే జరిమానా, ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, కిరాణా సామాను కూడా ఇవ్వకూడదు.

మా మేనత్త ఎన్నో ఏళ్ళుగా మహిళా సంఘం లీడర్, బ్యాంకు లెక్కలన్నీ ఆమే చూస్తుంది, పోటీ చేయాలని ఆమెకు గట్టిగా ఉంది. మామయ్య దుబాయ్‌లో ఉంటాడు, ఆయన ఫోన్ చేసి వద్దంటున్నాడు, ఇంట్లో అంతా టెన్షన్. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, సర్పంచ్ ఎన్నికల్లో ఇదే నా మొదటి ఓటు, అది కూడా వేయనివ్వకుండా గుడి మెట్ల మీదే తేల్చేశారు. చట్టంలో దీనికి ఏమైనా దారి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఊరి_పెద్దకొడుకు:
చెల్లీ, నీ బాధ అర్థమైంది, కానీ ఒక మాట. ఏకగ్రీవం అంటేనే చెడ్డది అనుకోకు. 2013లో మా ఊళ్ళో సర్పంచ్ ఎన్నికకు అన్నదమ్ములే రెండు వర్గాలై కొట్టుకున్నారు, కేసులు నడిచాయి, ఇప్పటికీ ఆ రెండిళ్ళ వాళ్ళు ఒకరి పెళ్ళికి ఒకరు పోరు. 2019లో అందరం కూర్చుని, డబ్బు మాట లేకుండా, ఒక రిటైర్డ్ టీచర్‌ను బతిమాలి ఒప్పించాం. ఐదేళ్ళు బాగానే జరిగింది. మనిషిని చూసి ఒప్పుకుంటే ఏకగ్రీవం మంచిదే, మీ దగ్గర చూసింది మనిషిని కాదు, పైసల్ని. ఆ తేడా ఊళ్ళో వాళ్ళకు నెమ్మదిగా చెప్పి చూడండి, అందరూ మూర్ఖులేం కాదు, చాలామంది భయంతోనే తలూపి ఉంటారు. గొడవ పెద్దది చేసుకోకుండా పోయే దారి ఉంటే ముందు అదే చూడండి.

లెక్కల_మనిషి:
పైన అన్న చెప్పినదాంట్లో నిజం ఉంది, కానీ ఇక్కడ ఒక్కసారి లెక్క చూడండి. తెలంగాణలో సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500. ఐదేళ్ళకు అంటే 60 నెలలకు 3 లక్షల 90 వేలు. ఒక్క రూపాయి తినకుండా అంతా దాచుకున్నా నాలుగు లక్షలు కూడా కాదు. ఇరవై లక్షలు పెట్టి పాడినవాళ్ళు మిగతా పదహారు లక్షలు ఎక్కడ రాబట్టుకుంటారు? మోరీ పనిలో, సీసీ రోడ్డు బిల్లులో, ఇంటి పర్మిషన్‌కు వచ్చినవాళ్ళ దగ్గర, ఇంకా బెల్టు షాపు పాటలో. గుడికి ఇచ్చిన డబ్బు ఊరికి వచ్చినట్టు కనిపిస్తుంది కానీ అది మళ్ళీ ఊరి దగ్గరే వసూలవుతుంది, అదీ పద్దు లేకుండా. 5,000 జనాభా లోపు పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి చట్టప్రకారం ఖర్చు పెట్టగలిగేది లక్షన్నర, అంతకు మించిన ఊళ్ళో రెండున్నర లక్షలు. పాటకు పోయింది దానికి ఎన్ని రెట్లో చూడండి.

ఇంకోటి. మీ పంచాయతీకి ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుని సంవత్సరం పెడితే వచ్చిన నిధులు, చెల్లింపులు కనిపిస్తాయి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. పాలకవర్గం లేని ఈ దాదాపు రెండేళ్ళలో కేంద్రం నుంచి రావాల్సిన ఆ గ్రాంటు ఆగిపోయింది, ఎన్నిక ఆలస్యమైతే ఊరికి పడే నష్టం ఇదీ. 2019 నుంచి 2024 వరకు ఉన్న పేజీలు ప్రింట్ తీసి నలుగురు చదివే చోట పెట్టండి. మోరీ తీయకుండానే తీసినట్టు బిల్లు కనిపిస్తే ఎవరూ ప్రచారం చేయాల్సిన పని లేదు, జనమే మాట్లాడుకుంటారు. సైట్‌లో వివరం సరిపోకపోతే సమాచార హక్కు కింద అడగండి, గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు 30 రోజులు టైం ఉంటుంది కాబట్టి ఈ ఎన్నికకు అందకపోవచ్చు, అయినా ఇప్పుడే వేయండి, కొత్తగా వచ్చే సర్పంచ్‌కు మొదటి నుంచే తెలుస్తుంది ఊళ్ళో అడిగేవాళ్ళు ఉన్నారని.

రిటైర్డ్_కార్యదర్శి:
అమ్మా, నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యాను, ఎన్నికల డ్యూటీలు చాలా చూశాను. చట్టం సంగతి చెబుతాను, శ్రద్ధగా చదువు.

భారతీయ న్యాయ సంహితలో, అంటే పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టంలో, ఎన్నికల నేరాలకు వేరే అధ్యాయమే ఉంది. అందులో "ఎన్నికల హక్కు" అంటే ఓటు వేయడం ఒక్కటే కాదు, పోటీ చేయడం, చేయకపోవడం, నామినేషన్ ఉపసంహరించుకోవడం కూడా అందులోకే వస్తాయి. డబ్బు ఇచ్చి పోటీ చేయకుండా ఆపడం 170వ సెక్షన్ కింద లంచం, 173 ప్రకారం ఏడాది వరకు జైలు పడొచ్చు. బెదిరించి ఆపడం 171 కింద నేరం. ఆ సెక్షన్‌లోనే స్పష్టంగా ఉంది, దేవుడి ఆగ్రహానికి గురవుతావని నమ్మించి ఒకరి ఎన్నికల హక్కుకు అడ్డుపడినా అది నేరమే. మీ ఊళ్ళో గుడి ముందు వేయించిన ఒట్టు సంగతి ఆ దృష్టితో చూడండి. ఇక జరిమానా వేస్తామన్నది, సామాను బంద్ చేస్తామన్నది ఎస్సీ, ఎస్టీ కుటుంబం మీదకు వస్తే అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది, వాళ్ళను నామినేషన్ వేయకుండా అడ్డుకోవడం, సాంఘిక బహిష్కరణ చేయడం రెండూ ఆ చట్టంలో పేరుపెట్టి రాసిన నేరాలు. మహారాష్ట్రలో సాంఘిక బహిష్కరణ మీద అందరికీ వర్తించే చట్టం 2016లోనే చేశారు, మన దగ్గర కూడా అలాంటిది రావాలని సర్వీసులో ఉన్నప్పటి నుంచీ నా కోరిక.

చేయాల్సిన పని: రిటర్నింగ్ ఆఫీసర్‌కు, ఎంపీడీవోకు, కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఒక కాపీ రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపండి. అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. పాట జరిగినప్పటి వీడియో, వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్, రాసుకున్న కాగితం ఫొటో ఏది ఉన్నా జతచేయండి. నోటిమాటగా చెబితే కదిలే అధికారులు తక్కువ, కాగితం మీద ఉంటే వాళ్ళకూ భయం ఉంటుంది.

అయితే ఫిర్యాదు కన్నా బలమైనది ఇంకొకటి ఉంది. పాటను ఆపడానికి పెద్ద ఉద్యమం అక్కర్లేదు, రెండో నామినేషన్ ఒక్కటి నిలబడితే చాలు, బ్యాలెట్ వేయక తప్పదు. మీ అత్తకు 21 ఏళ్ళు నిండి, ఆ పంచాయతీ ఓటరు జాబితాలో పేరుంటే అర్హురాలే. డిపాజిట్ 2,000, ఎస్సీ, ఎస్టీ, బీసీ అయితే 1,000. ఇంటి పన్ను, నల్లా బిల్లు బకాయి ఉంటే ముందే కట్టి రసీదు పెట్టుకోండి, ఎక్కువమంది అక్కడే దెబ్బతింటారు. అసలు ఒత్తిడి నామినేషన్ రోజు కాదు, ఆ తర్వాత ఉపసంహరణ గడువు 9వ తేదీ వరకు ఉంటుంది. బంధువులను పంపుతారు, దుబాయ్‌కి ఫోన్లు చేయిస్తారు. ఆ నాలుగు రోజులు ఆమె వెంట మనుషులు ఉండేటట్టు చూడు.

మాజీ_వార్డు_మెంబర్:
నేను 2019లో వార్డు మెంబర్‌గా గెలిచాను, మాది కామారెడ్డి జిల్లా. ఆడవాళ్ళకు సగం సీట్లు ఉన్నాయి సరే, కానీ మా ఊళ్ళో సర్పంచమ్మ మీటింగులో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు, ఆమె భర్తే కుర్చీలో కూర్చునేవాడు, మేం అడిగితే ఆమె తల దించుకునేది. ఆమెను తిట్టాలని కాదు, ఎవరూ ఆమెను ఎదగనివ్వలేదు. నువ్వు చెప్పిన పాటలోనూ గెలిచింది ఆడమనిషి కాదు, ఆ ఇంటి మగవాళ్ళ డబ్బు. మీ అత్త సంఘంలో లెక్కలు రాసిన మనిషి అంటున్నావు, అలాంటివాళ్ళు రావడం ఎంత అవసరమో నేను కళ్ళారా చూశాను.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటి చెబుతా. 2018 చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి. ఉప సర్పంచ్‌ను ఎన్నుకునేది మనం కాదు, గెలిచిన వార్డు మెంబర్లు, అదీ ఫలితాలు వచ్చిన వెంటనే. అందుకే సర్పంచ్ ఓడిపోతారనుకునే వర్గం కూడా వార్డుల మీద పైసలు పెట్టి ఉప సర్పంచ్‌ను పట్టుకుంటుంది. గులాబీ రంగు బ్యాలెట్ సర్పంచ్‌ది, తెల్లది వార్డుది, జనం గులాబీ కాగితం గురించే నెలంతా మాట్లాడుకుని తెల్లది ఏదో ఒకటి గుద్ది వస్తారు. మీ అత్త ఒక్కతే నిలబడితే చాలదు, ప్రతి వార్డులో నిక్కచ్చి మనిషిని ఒకరిని నిలబెట్టండి, వార్డుకు డిపాజిట్ 500, రిజర్వుడు వర్గాలకు 250 మాత్రమే. సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళనే అడగండి, ఊళ్ళో ప్రతి ఇల్లు వాళ్ళకు తెలుసు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని కూడా చట్టంలో ఉంది, అదొక్కటి సరిగ్గా జరిపిస్తామని మాట ఇచ్చినా జనం నమ్ముతారు.

షార్జా_నుంచి:
గల్ఫ్‌లో ఉన్న మా లాంటి వాళ్ళకు పోస్టల్ ఓటు లేదు, వచ్చి వేయాల్సిందే, అందుకే మా ఊళ్ళ నిర్ణయాలు మేం లేకుండానే జరిగిపోతాయి. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి తప్పకుండా వెళ్ళండి. ముందే జాబితాలో మీ పేరు ఏ వార్డులో ఉందో చూసుకోండి, ఒకే ఇంట్లో ఇద్దరి పేర్లు రెండు వార్డుల్లో పడ్డవి చాలా చూశాను. పోలింగ్ పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే, బుధవారం పొద్దున బస్సెక్కితే అందదు, ముందురోజు రాత్రికే ఊరు చేరండి. బస్సు టికెట్ పెడతామని అభ్యర్థుల మనుషులు ఫోన్ చేస్తారు, సొంత డబ్బుతో వెళ్ళండి. మీ మామయ్యతో నేను మాట్లాడనా? ఇక్కడ ఉన్నవాడి భయం ఇక్కడ ఉన్నవాడికే తెలుస్తుంది, ఇంటి దగ్గర భార్య ఒంటరిగా ఉందని రాత్రి నిద్ర పట్టదు, అందుకే వద్దంటాడు, ఆమె మీద నమ్మకం లేక కాదు.

కొత్త_ఓటరు:
అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ రాత్రి అత్తకు చదివి వినిపించా. దేవుడి ఒట్టు గురించి కార్యదర్శి గారు రాసింది రెండుసార్లు చదివించుకుంది. షార్జా అన్నా, మీకు మెసేజ్‌లో మామయ్య నంబర్ పంపాను, దయచేసి మాట్లాడండి. సంఘంలో నలుగురు ఆడవాళ్ళు వార్డులకు నిలబడతామంటున్నారు. ఒక్క డౌట్. అత్తను ప్రతిపాదించడానికి ఊళ్ళో మగవాళ్ళు భయపడుతున్నారు, నేను సంతకం పెట్టొచ్చా? నా పేరు ఊరి జాబితాలోనే ఉంది.

రిటైర్డ్_కార్యదర్శి:
పెట్టొచ్చమ్మా. సర్పంచ్‌కైతే ఆ పంచాయతీలో ఓటరు ఎవరైనా ప్రతిపాదించవచ్చు, వార్డుకైతే అదే వార్డు ఓటరు కావాలి, ఆ నలుగురి విషయంలో అది చూసుకోండి. జాబితాలో నీ వరుస సంఖ్య, వార్డు నంబరు తప్పు లేకుండా రాయి, సంతకం పేరు జాబితాలో ఉన్నట్టే ఉండాలి. చివరి రోజు దాకా ఆగొద్దు, 3వ తేదీనే వేయండి, ఏదైనా తప్పు దొర్లితే ఇంకో సెట్ వేసుకోవడానికి రెండు రోజులు మిగులుతాయి.